ఆశ్రమంలో మంచం పట్టిన మేనత్తగారికి పుండ్లు, మగత: వయసు వల్లనా, చూడకపోవడం వల్లనా? ఎవరికి చెప్పాలి?

కాలవగట్టు (ప్రశ్న)

నమస్కారమండి. మా మేనత్తగారికి 79 ఏళ్లు. పిల్లలు లేరు, మావయ్యగారు పోయారు. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక లేవలేకపోతున్నారు. షుగరుకి రెండు పూటలా ఇన్సులిన్. కోనసీమలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో నెలకు 16 వేలు కట్టి ఉంచాం. అగ్రిమెంటు మీద సంతకం నాది. నేనుండేది హైదరాబాదులో, నెలకోసారి మాత్రమే రాగలను.

మార్చిలో 48 కిలోలు ఉన్నారు, ఇప్పుడు జూన్లో 43. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, నడుం కింద ఎరుపు. ఎప్పుడు వెళ్లినా మగతలోనే ఉంటున్నారు. అడిగితే "పెద్ద వయసు కదండీ, షుగరు కదండీ" అంటున్నారు. ఈసారి వెళ్లినప్పుడు నా చేతిలో ఉండేది గంట, రెండు గంటలు. ఆ కాస్త సమయంలో ఏమేం చూడాలి? నిజంగా సరిగా చూడకపోతే ఎవరికి చెప్పాలి? కొడుకుని కాదు, మేనల్లుడిని. నేను ఫిర్యాదు ఇస్తే చెల్లుతుందా? ఇస్తే ఆవిడ మీద కోపం చూపిస్తారేమోనని కూడా భయంగా ఉందండి.

వార్డు సిస్టరు

ముందు మడమ సంగతి. నల్లగా, ఎండిపోయి, గట్టిగా, చెమ్మ లేకుండా ఉంటే దాన్ని గిల్లకండి, కోయించకండి. ఆ నల్లపెచ్చు కిందున్న గాయానికి కాపలా లాంటిది. మెత్తబడినా, అంచున చీము కనబడినా, వాసన వచ్చినా, చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. షుగరున్న మనిషి కాబట్టి ఏ పరిస్థితిలోనైనా కాలికి రక్తప్రసరణ ఎలా ఉందో డాక్టరు చూడాల్సిందే.

మడమ పుండుకి కారణం వెతకాల్సిన పని లేదు. మడమ పరుపుకి ఆని ఉండటమే కారణం. పిక్క పొడవునా ఒక దిండు పెట్టి, మడమ గాలిలో ఉండేలా చూడాలి. వెళ్లగానే దుప్పటి తీసి చూడండి. దిండు లేకుండా మడమ పరుపు మీదే ఉంటే, ఆ మచ్చ గురించి తెలిసీ ఏమీ చేయడం లేదన్నమాట. మడమ కిందే దిండు పెట్టడం మరో తప్పు, దానివల్ల ఒత్తిడి అక్కడే పడుతుంది.

నడుం కింద ఎరుపుని వేలితో రెండు మూడు సెకన్లు నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే ఇంకా చర్మం బతికే ఉంది. నొక్కినా రంగు మారకపోతే అది మొదటి దశ పడకపుండు. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు, ఊదాగానో పక్క చర్మం కంటే నల్లగానో ఉంటుంది. అందుకని చేతి వెనక భాగంతో తాకి చూడండి: చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగా పిండిలానో తగిలితే అనుమానించాలి. ఎముక పొడుచుకొచ్చేచోట ఒక్క మచ్చగా ఉంటే ఒత్తిడి వల్ల వచ్చింది. పిర్రల మీద, తొడల సందున చెదురుమదురుగా, అంచు తెలియకుండా ఎర్రగా ఉంటే డైపరు తడిలో ఎక్కువసేపు ఉంచడం వల్ల వచ్చింది. రెండూ సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చేవే గానీ మందు వేరు. రెంటికీ ఒకటే పౌడరు కొడుతుంటే తెలియక చేస్తున్నారని అర్థం. ఎర్రబడినచోట నూనె రాసి మర్దనా చేయడం కూడా మానిపించండి. లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది.

చూడవలసిన చోట్లు ముడ్డిపూస, రెండు తుంటులు, రెండు మడమలు, చీలమండలు, మోచేతులు, భుజాల వెనక ఎముకలు, తల వెనక భాగం. తల వెనక చాలామంది చూడరు, జుట్టు విడదీసి చూడాలి.

పక్క మార్చడం రెండు గంటలకోసారి. పూర్తిగా పక్కకి తిప్పేస్తే తుంటి మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చి పడుకోబెట్టాలి. ఆపరేషన్ అయిన తుంటి వైపు సంగతి ఆర్థోపెడిక్ డాక్టరుని అడిగి రాయించుకోండి. గాలిపరుపు ఉంది కదా అంటారు. గాలిపరుపు ఉన్నా తిప్పాల్సిందే. పైగా అది పనిచేస్తోందో లేదో చూడాలి: అరచెయ్యి పైకి పెట్టి, పరుపు కింద, ఆవిడ నడుం చివరకి సరిగ్గా కిందుగా దూర్చండి. మీ చేతికి ఎముక తగిలితే గాలి చాలట్లేదు. కనీసం అంగుళం మందం గాలి ఉండాలి. కరెంటు పోయి వచ్చాక పంపు స్విచ్చి వేయడం మర్చిపోవడం తరచూ జరిగే పొరపాటు.

తిప్పిన టైములు రాసే చార్టు అడగండి. అసలు లేకపోతే అదే ఒక సమాధానం. ఉంటే మూడు చూడండి. వారం రోజులూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, సరిగ్గా 2, 4, 6 అని సమానంగా ఉందా? రాత్రిళ్లు ఎవరు ఉన్నారు? ఇంకా రాని గంటలకు కూడా ముందే టిక్కులు పడ్డాయా? మీరు పదకొండుకి వెళ్తే ఆవిడ ఏ పక్కన ఉన్నారో గుర్తుపెట్టుకుని, బయట టీ తాగి ఒకటిన్నరకి మళ్లీ రండి. అదే పక్కన ఉండి, చార్టులో మాత్రం తిప్పినట్టు ఉంటే, ఇక వాదన అక్కర్లేదు.

బరువు గురించి. 48 నుంచి 43 అంటే మూడు నెలల్లో పదిశాతం పైన పోయింది. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం పోయినా డాక్టరుకి చూపించాలి. కాబట్టి ఇది "పెద్ద వయసు కదండీ" అని వదిలేసేది కాదు. భోజనం వేళకి వెళ్లండి. కంచం దగ్గర పెట్టి వెళ్లిపోతున్నారా, తినిపిస్తున్నారా? కట్టుడుపళ్లు నోట్లో ఉన్నాయా, డబ్బాలోనే ఉన్నాయా? నాలుక ఎండి చారలు పడిందా, లోపల తెల్లటి పూత ఉందా? మంచం పక్కన నీళ్లు ఉండటం వేరు, ఆవిడ చేతికి అందడం వేరు. డైపర్లు మార్చాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించే చోట్లు ఉన్నాయి, ఇది చాలా చెడ్డ అలవాటు. 45 కిలోల మనిషికి రోజుకి 500 మిల్లీలీటర్లకు పైగానే మూత్రం రావాలి, రంగు పల్చగా ఉండాలి. గొట్టం వేసి ఉంటే సంచి మంచం కంటే కిందకి వేలాడుతూ, నేలకి తగలకుండా ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులేవీ లేకపోతే రోజుకి లీటరున్నర ద్రవాలు కావాలి. మన ప్రాంతంలో మే, జూన్ ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ నెలల్లో ఇంకా జాగ్రత్త. (కొబ్బరినీళ్లు మంచివే కదా అని చాలామంది పోసేస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం పెరిగి ప్రమాదం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశాకే.)

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఎంత బాగా చూసినా కొందరికి చివరి వారాల్లో చర్మం తెగిపోతుంది, ముదిరిన మతిమరుపులో తిండి మానేస్తారు. పుండు పడటం ఒక్కటే నేరం కాదు. పుండు మొదట చూసిన తేదీ, కొలత, డాక్టరుకి ఎప్పుడు చెప్పారు, ఇంటివాళ్లకి ఎప్పుడు చెప్పారు, ఆ తర్వాత ఏం మార్చారు – ఈ అయిదూ చెప్పగలిగినవాళ్లు చూస్తున్నవాళ్లు. మీకు ఆ మచ్చ సంగతి వాళ్లు చెప్పారా, మీరే దుప్పటి తీసి చూశారా?

మందుల చీటీ

మగత గురించి నేను రాస్తాను, ఎందుకంటే అందులో రెండు ప్రమాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి షుగరు పడిపోవడం, రెండోది నిద్రమాత్ర.

వెళ్లగానే మగతలో ఉంటే మొదటి పని వేలు పొడిచి షుగరు చూడటం. 70 కంటే తక్కువ వస్తే, మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి పట్టండి, పావుగంటకి మళ్లీ చూడండి. మింగలేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్ వేసేసి, అన్నం గంట తర్వాత తెచ్చి, ఆవిడ రెండు ముద్దలు తిని వద్దంటే కంచం తీసేసే పద్ధతి ఉంటే రోజూ షుగరు పడిపోతుంది. ఇక్కడ ఇంకోటి: బరువు అయిదు కిలోలు తగ్గిన మనిషికి మార్చిలో రాసిన డోసే ఇప్పటికీ వేస్తున్నారా? అది డాక్టరు తిరిగి చూడాలి.

సిరంజి చూడండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్రమూత సిరంజి. పెన్నుల్లో వచ్చేది మిల్లీలీటరుకి 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. తిరగేసి 40 ఇన్సులిన్‌ని 100 సిరంజితో లాగితే 20 బదులు 8 యూనిట్లే వెళ్తాయి. సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉందా చూడండి. తెరిచాక నాలుగు వారాలు దాటితే పారేయాలి.

తర్వాత చీటీ. ఏ మందు ఏ డాక్టరు ఏ తేదీన రాశారో ఆ కాగితం అడగండి, స్ట్రిప్పులతో పోల్చండి. చీటీలో లేని అల్‌ప్రజోలం, లోరాజిపం, క్లోనజిపం, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ కనబడితే ఫొటో తీయండి. రాత్రిళ్లు పిలుస్తున్నారని, గొడవ చేస్తున్నారని నిద్రపుచ్చడానికి వేసేవి ఇవే. చొంగ కారడం, మాట ముద్దగా రావడం, కూర్చోబెడితే ఒకవైపు ఒరిగిపోవడం, భోజనం వేళకీ మేలుకోకపోవడం గుర్తులు. మగతలో మింగితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బరువు తగ్గడానికీ అదే దారి. ఒక్క హెచ్చరిక: చాలారోజులుగా వేస్తున్నది తెలిస్తే మీరే ఆపించేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు తగ్గించుకుంటూ రావాలి.

లెక్క చాలా చిన్నది. ఒకటో తారీకున 30 బీపీ మాత్రలు ఇచ్చారు, రోజుకొకటి. ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం వెళ్తే 10 మిగలాలి. 17 ఉంటే ఏడు రోజులు వేయలేదు. 4 ఉంటే ఇంకెవరికో వేశారు. ఇది ఎవరూ కాదనలేని రుజువు, అందుకే ఈసారి నుంచి స్ట్రిప్పు మీద ఇచ్చిన తేదీ మార్కరుతో రాసి ఇవ్వండి.

చేతుల మీద కమిలిన మచ్చలు కనబడితే కంగారు పడకండి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకి ముంజేతుల మీద ఊరికే కములుతుంది. జబ్బ లోపలివైపు వేళ్ల ఆకారంలో, రెండు మణికట్ల చుట్టూ గాజులా ఉంటే మాత్రం పట్టుకుని లాగినవి లేదా కట్టేసినవి.

రావిచెట్టు అరుగు

చట్టం వైపు నుంచి. ముందుగా ఒక అపోహ తీసేయాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 అనగానే అందరూ ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్లమంటారు. ట్రిబ్యునల్ పని పిల్లల నుంచి, ఆస్తి వచ్చే బంధువుల నుంచి పోషణ ఇప్పించడం. ఆశ్రమం సరిగా చూడటం లేదన్న ఫిర్యాదు అక్కడ పెడితే నెలలు పోతాయి. ఆశ్రమాల మీద కన్నేసి ఉంచాల్సింది కలెక్టరు. చట్టం 22వ సెక్షను వయోవృద్ధుల ప్రాణానికి, ఆస్తికి రక్షణ అనే పనిని అటువైపే పెట్టింది. జిల్లాలో ఆ పని చూసేది విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టరు. మీ కేసులో అర్జీ వెళ్లాల్సింది అమలాపురం కలెక్టరేటుకి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నెంబరు వస్తుంది, ఆ నెంబరే మీ ఆయుధం. రాలేకపోతే 1100కి ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు.

దానికంటే ముందు 14567. వయోవృద్ధుల కోసం దేశమంతా ఉన్న ఉచిత నెంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. మీరు కొడుకా, మేనల్లుడా, పక్కింటివారా అని చూడరు, ఎవరైనా చెప్పవచ్చు. ప్రాణం మీదకి వస్తే, కట్టేసి ఉంచితే, కొడుతుంటే దాని కోసం ఆగకండి, 112.

పోలీసుల దగ్గర ఏం రాయాలో తెలియక చాలా ఫిర్యాదులు నీరుగారిపోతాయి. ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం భారతీయ న్యాయసంహిత 125. కట్టేయడం, గొళ్లెం పెట్టి ఉంచడం 127. జబ్బుతో నిస్సహాయంగా ఉన్న మనిషిని చూసుకుంటామని ఒప్పందం చేసుకుని కావాలని మానేయడం 357; మూడు నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా లేదా రెండూ. చివరిదానికి అగ్రిమెంటు మీద సంతకం చేసినవారే ఫిర్యాదు ఇస్తే బలం, అంటే మీరే. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టే సెక్షను కాదు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని వెళ్లకండి. ఆవిడను బస్టాండులోనో ఆసుపత్రి వరండాలోనో వదిలించేసుకుంటే 2007 చట్టం 24వ సెక్షను, అది నేరుగా కేసు కట్టవచ్చు. స్టేషనులో తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టరు పోస్టులో ఎస్పీకి పంపండి.

కట్టిన డబ్బుకి తగ్గ సేవ అందలేదన్నది వేరే దారి: వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మీరుండే హైదరాబాదులోనే వేసుకోవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి చూడండి. లాయరు కావాలంటే 15100. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, కాబట్టి మీ మేనత్తగారికి ఆ హక్కు ఉన్నట్టే.

అర్జీలో "సరిగా చూడటం లేదు" అని రాస్తే "బాగానే చూస్తున్నాం" అని జవాబు వస్తుంది, ఫైలు మూసేస్తారు. ఇలా రాయండి: "జూన్ ఫలానా తేదీ ఉదయం 11.10కి ఎడమ మడమపై సుమారు రెండున్నర సెంటీమీటర్ల నల్లటి పుండు చూశాను. మడమ పరుపుకి ఆని ఉంది. పక్క మార్చిన చార్టు అడిగితే ఇవ్వలేదు. మధ్యాహ్నం 1.30 వరకు ఎడమ పక్కనే ఉన్నారు. మార్చిలో 48 కిలోలు, ఇప్పుడు 43. ఫలానా మాత్రలు 10 మిగలాల్సి ఉండగా 17 ఉన్నాయి." విశేషణాలు వద్దు, తిట్లు వద్దు. చివర మూడే కోరికలు: ప్రభుత్వ డాక్టరుతో పరీక్ష, ఆశ్రమం తనిఖీ, తనిఖీ నివేదిక నకలు. నివేదిక ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అడగండి, 30 రోజులు గడువు.

కాలవగట్టు

చాలా థాంక్సండి. రెండు సందేహాలు. లోపల ఫొటోలు తీయనివ్వకపోతే? నేను లేని రోజుల్లో వీడియో కాల్‌లో ఏమైనా కనిపెట్టగలనా? కోపం చూపిస్తారేమోనన్న భయానికి కూడా ఎవరైనా చెప్పండి.

వార్డు సిస్టరు

ఫొటోలు ఆవిడవి మాత్రమే తీయండి, పక్క మంచాలవాళ్లు పడకూడదు. మామ్మగారిని అడిగి, మిగతా ఒళ్లు కప్పి, పుండు పక్కన ఒక రూపాయి బిళ్ల గానీ స్కేలు గానీ పెట్టి, ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా తీయండి. మళ్లీసారీ అదే కోణంలో. తీయనివ్వకపోతే గొడవ పడకండి. "డాక్టరుకి చూపించాలి" అని చెప్పి అమలాపురం ఏరియా ఆసుపత్రికో కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకెళ్లండి. అక్కడి డాక్టరుని, పుండ్లు ఆసుపత్రికి రాకముందే ఉన్నాయని, వాటి చోటు, కొలత, దశ రాయమని అడగండి. దెబ్బలు, కట్టేసిన గుర్తులు ఉంటే మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలియజేసే కేసుగా) నమోదు చేయమనండి. మీ ఫోన్లో ఫొటో కంటే ఆ కాగితానికి విలువ ఎక్కువ.

వీడియో కాల్ ఒకే టైముకి చేయకండి. మొహం కాదు, "మడమ చూపించండి, మంచం పక్కన గ్లాసు చూపించండి, మూత్రం సంచి చూపించండి" అని అడగండి. నెలకోసారి బరువు తూచే కాటా అంకె కనబడేలా వీడియో పంపమనండి. కాల్ చేసిన ప్రతిసారీ "స్నానం చేయిస్తున్నారు" అంటే ఆ తేదీ, టైము రాసుకోండి.

భయం సంగతి. ఫిర్యాదు చేశాక ఆవిడని అక్కడే ఉంచడమా, మార్చడమా అన్నది ముందే తేల్చుకోండి. పుండు మెత్తబడినా, షుగరు పడిపోతున్నా ముందు ఆసుపత్రిలో చేర్చాలి, అర్జీ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని రాసుకోవచ్చు. తీసుకెళ్లేటప్పుడు మందుల చీటీ, మిగిలిన స్ట్రిప్పులు, చార్టుల నకళ్లు, కట్టిన డబ్బు రసీదులు అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే దొరకవు. ప్రాణాపాయం లేకపోతే ఆశ్రమం నడిపేవారికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా నాలుగు మార్పులు అడిగి 48 గంటలు చూడండి: మడమ కింద గాలి, రెండు గంటల చార్టు ఫొటో రోజూ, డాక్టరు సందర్శన, తినిపించడానికి మనిషి. పని ఎక్కువై, మనుషులు చాలక అలా ఉన్నచోట ఇది అందుకుని సరిచేసుకుంటారు. రాత్రిపూట ముప్పైమందికి ఒకే ఆయా ఉంటే ఆవిడను తిట్టి లాభం లేదు, ఆ సంఖ్యనే అర్జీలో రాయండి.

లంకగాలి

అందరూ చెప్పారు గానీ మన దగ్గర ఇంకొకటి అడగాలి, జూన్లోనే. ఆశ్రమం ఏటిగట్టుకి ఎటువైపు ఉంది? గట్టు లోపల, లంకలో ఉంటే వరదకి ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నడవగలిగేవాళ్లకి రెండో హెచ్చరికలో బయల్దేరినా సరిపోతుంది. మంచం పట్టినవాళ్లని మొదటి హెచ్చరికప్పుడే దాటించాలి, ఎందుకంటే ఆ తర్వాత కాజ్‌వే మునిగితే పడవలో స్ట్రెచరు ఎక్కించాలి. ఎన్ని వీల్‌చైర్లు, ఏ వాహనం, ఏ ఊరికి, ఎవరు ఫోన్ చేస్తారు అన్నది కాగితం మీద ఉందా అడగండి.

కరెంటు కూడా. తుపానుకి రెండు మూడు రోజులు పోతే గాలిపరుపు చప్పబడిపోతుంది, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వేడెక్కుతుంది, ఆక్సిజన్ మిషను ఆగిపోతుంది. జనరేటరు ఉందనడం కాదు, మీరున్నప్పుడు ఒకసారి మెయిన్ ఆపి వేసి చూపించమనండి. డీజిలు ఎన్ని గంటలకి ఉందో అడగండి. ఆ రోజుల్లో గాలిపరుపు బదులు మందపాటి ఫోం పరుపు వేసి, రెండు గంటలు కాదు, ఇంకా తొందరగా తిప్పాలి. ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే కొన్ని రోజులు ఆగుతుంది. ఐసుకి తగిలేలా మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.